తడిసిన క్లైంబింగ్ సామాను: ఆరబెట్టినా మళ్ళీ చెమ్మ ఎక్కుతుంటే

ఆదివారం విశాఖ దగ్గరి యారాడ రాళ్ళ దగ్గర్నుంచి వచ్చి, బ్యాగు మంచం కిందకి తోసేసి, మళ్ళీ శనివారం దాకా జిప్పు తీయరు. తీశాక "అన్నా, హార్నెస్ వాసనొస్తోంది, గేట్ పట్టేసింది" అని ఫోన్ చేస్తారు. హార్నెస్ అంటే నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీ. గేట్ అంటే కారాబైనర్‌కి, అంటే తాడు తగిలించే లోహపు కొక్కేనికి, ఉండే స్ప్రింగు తలుపు. ఏ సమస్యకైనా ముందు ఒక పని చేయండి. బ్యాగు మొత్తం ఖాళీ చేసి అడుగున చెయ్యి పెట్టి చూడండి. ఒక తడి టవలో, మూత సరిగా పడని నీళ్ళ సీసానో ఉంటుంది. ఇది చూడకుండా నాకు ఫొటోలు పంపొద్దు.

ముక్కిపోయిన వాసన, నల్ల మచ్చలు

కారణం బూజు. నైలాన్‌ను బూజు తినదు కాబట్టి కంగారు లేదు. గోరువెచ్చని నీళ్ళు, కొంచెం ఘాటు లేని సబ్బు చాలు. నీళ్ళ వేడి 30 డిగ్రీలు దాటనివ్వకండి. మచ్చ పోకపోయినా ఫర్వాలేదు, వాసన పోవాలి. హార్నెస్ నడుం పట్టీలోని ఫోమ్ పైకి ఆరినట్టే ఉండి లోపల తడి దాచుకుంటుంది, దాన్ని నొక్కి చూడండి. బ్లీచింగ్ పౌడర్ మాత్రం ముట్టుకోవద్దు. మరకతో పాటు నైలాన్ బలాన్నీ తినేస్తుంది. వాసన పోవాలని డాబా మీద ఎర్రటి ఎండలో పడేయడం కూడా అలాంటిదే. నీడలో, ఫ్యాను గాలికి ఆరాలి.

తాడు తడిగా ఉండగానే ఎక్కొచ్చా?

వద్దు. తడిసిన నైలాన్ తాడుకు మనిషి పడినప్పుడు ఆపే శక్తి బాగా తగ్గిపోతుంది. ఆరితే చాలావరకు తిరిగొస్తుంది. ఈలోగా టాప్ రోప్ (తాడు పైనుంచే కట్టి ఉండే ఎక్కుడు) కూడా వద్దనే అంటాను.

కడిగి, ఆరబెట్టినా వారానికే మళ్ళీ చెమ్మ, గేట్ మళ్ళీ పట్టేయడం

నేను డబ్బు పోగొట్టుకున్నది ఇక్కడే.

నాలుగు కారాబైనర్లకి గేట్ వదిలితే దానంతటది మూసుకునేది కాదు. కడిగాను, బ్రష్ పెట్టి రుద్దాను, లూబ్రికెంట్ వేశాను. పది రోజులు టక్కుమని మూసుకున్నాయి, తర్వాత మళ్ళీ అదే వరస. లూబ్రికెంట్ మంచిది కాదనుకుని మార్చాను. స్ప్రింగులు పోయాయనుకుని రెండు కారాబైనర్లు కొత్తవి కొన్నాను. నెల తిరక్కుండా వాటి గేటు మూలల్లోనూ తెల్లటి పొడి. తాడూ అంతే. రెండు రోజులు ఫ్యాను కింద పెట్టి బీరువాలో సర్దితే, సాయంత్రానికి చేతికి జిగటగా తగిలేది. నాతోపాటే ఎక్కి, అదే ఉప్పుగాలి పీల్చిన గోపాలపట్నం స్నేహితుడి సామాను మాత్రం శుభ్రంగా ఉండేది.

తేడా ఎక్కడుందో బాత్రూమ్ కుళాయి చెప్పింది. మా అపార్ట్‌మెంట్ బీచ్‌కి దగ్గర. వాడుక నీళ్ళన్నీ బోరువే. వాళ్ళింట్లో మున్సిపల్ కుళాయి. సముద్రపు ఉప్పు కడుగుతున్నానని మురిసిపోతూ నేను ఉప్పు నీళ్ళతోనే కడుగుతున్నాను. ఆర్‌ఓ ఫిల్టర్ సర్వీసుకొచ్చిన కుర్రాడి దగ్గర నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచే మీటరు ఉంటే, దాన్ని మా బోరు నీళ్ళలో పెట్టిస్తే లీటరుకి పద్దెనిమిది వందల మిల్లీగ్రాములు దాటింది. తాగే నీళ్ళకి మన ప్రమాణం 500. సముద్రంతో పోలిస్తే ఇది తక్కువే, అక్కడ లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. కానీ కడిగిన ప్రతిసారీ కొంత మిగిలి పేరుకుంటుంది.

మిగిలిన ఉప్పు ఏం చేస్తుందో వంటింట్లో వానాకాలం ఉప్పు జాడీ చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీళ్ళు లాక్కుని కరుగుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి, అవి ఇంకా ముందే చెమ్మగిల్లుతాయి. విశాఖలో ఆ తేమకి కొదవేముంది? అంటే మీరు ఆరబెట్టిన తాడు బీరువాలో తనంతట తానే తడుస్తుంది. కారాబైనర్‌లో ఇంకో గొడవ. ఒళ్ళంతా అల్యూమినియం, గేటు లోపలి స్ప్రింగు మాత్రం స్టీలు. రెండు లోహాల మధ్య ఉప్పు తడి చేరితే బలయ్యేది అల్యూమినియమే. అందుకే తెల్ల పొడి ముందు గేటు మడత దగ్గరే కనిపిస్తుంది. దాని మీద నూనె కొడితే ఇసుక అంటుకుని, లోపల ఉప్పు అలాగే ఉంటుంది.

పరీక్షకి మీటరు కూడా అక్కర్లేదు. ఆఖరిసారి జాడించిన నీళ్ళలో వేలు ముంచి నాలుక మీద పెట్టండి. ఉప్పగా ఉంటే పని అవలేదు. సబ్బు వేసిన నీళ్ళతో చేయకండి మరి.

పరిష్కారం: మున్సిపల్ నీళ్ళు తెచ్చుకోండి. దొరక్కపోతే లోహపు సామానుకి ఒక 20 లీటర్ల క్యాన్ సరిపోతుంది. అరగంట నానబెట్టి నీళ్ళు మార్చడం, ఇలా మూడుసార్లు. కారాబైనర్ గేటుని నీళ్ళలో ఉండగానే ముప్పైసార్లు తెరిచి మూయండి, పాత టూత్‌బ్రష్‌తో మడత దగ్గర రుద్దండి. పూర్తిగా ఆరాకే మైనం రకం పొడి లూబ్రికెంట్ ఒక చుక్క వేసి, పైన మిగిలింది తుడిచేయండి. తాడుని చుట్టగా కాకుండా వదులుగా పరిచి ఆరబెట్టాలి. అక్టోబరు, నవంబరు వానల్లో మూడు రోజులైనా పడుతుంది. ఏసీ గది ఉంటే అందులో పెట్టండి.

ఇంత చేసినా గేటు దానంతటది మూసుకోకపోయినా, లోహం మీద గోరుకి తగిలే గుంటలున్నా ఆ కారాబైనర్ తాళాల గుత్తికి పనికొస్తుంది, మనిషికి కాదు.

ఎప్పుడో ఒకసారి వచ్చేవి

కడిగాక తాడు బిరుసెక్కి పొట్టిగా కనిపిస్తే కుంచించుకుందన్నమాట. 60 మీటర్లది మూడు మీటర్లు తగ్గినా ఆశ్చర్యం లేదు. మళ్ళీ కొలుచుకోండి, తాడు చివర జారిపోకుండా వేసే ముడి మరిచిపోకండి.

షూ అడుగు ఊడొస్తే తడికన్నా కారు డిక్కీ వేడిని అనుమానించండి. బూట్లలో న్యూస్‌పేపర్ కుక్కి నీడలో పెట్టండి.

ఆరిన తాడుని బాల్కనీలో ఇన్వర్టర్ బ్యాటరీ పక్కన పెడితే మాత్రం వేరే కథ. బ్యాటరీ యాసిడ్ నైలాన్‌ని తినేస్తుంది, పైకి మరక కూడా కనపడకపోవచ్చు. దీనికి రిపేరు లేదు. తగిలిందని అనుమానమున్నా ఆ తాడుని ముక్కలుగా కోసి పారేయండి, లేకపోతే వాచ్‌మన్ దాన్ని నడుముకి కట్టుకుని నీళ్ళ ట్యాంకు ఎక్కుతాడు.