ముందు ఫాల్, తర్వాతే జాకెట్

చంద్రగిరి దగ్గర ఆడపిల్లలకి నేర్పే మా కుట్టు కేంద్రంలో ఎనిమిది మెషిన్లున్నాయి. అందులో ఒకటి ఎప్పుడూ రిపేరే. కొత్తగా ఇలాంటిది పెట్టేవాళ్లకి చెబుతున్నాను: మొదటి రోజు ముప్పైమంది వచ్చారని సంబరపడకండి. నెల తిరిగేసరికి ఎంతమంది మిగిలారో అదే లెక్క.

మొదటి వారం గుడ్డ ఇవ్వొద్దు, దారమూ ఎక్కించొద్దు. గీతల నోట్‌బుక్ కాగితం సూది కింద పెట్టి, గీత మీదే తొక్కమనండి. కొత్తలో చక్రం వెనక్కి తిరుగుతుంది. దారం ఉంటే పుటుక్కున తెగి, 'నాకు రాదులే అక్కా' అని లేచిపోతారు. కాగితమైతే ఆ టెన్షన్ లేదు. బొక్కలన్నీ గీత మీద పడిన రోజు ఆ కాగితాన్ని మడిచి ఇంటికి పట్టుకుపోతారు.

తర్వాత అందరూ జాకెట్ కటింగ్ మొదలుపెడతారు. నేను ఫాల్ (చీర కింది అంచుకి లోపలివైపు కుట్టే గుడ్డ పట్టీ), పీకో (అంచు పోగులు లేవకుండా వేసే సన్నటి కుట్టు) నేర్పిస్తాను. కారణం డబ్బులే. జాకెట్ కుదరడానికి నెలలు పడుతుంది, ఫాల్‌కి మూడు వారాలు చాలు. ఫాల్ గుడ్డని ముందే నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయించడం మాత్రం మరవకండి. లేదంటే మొదటి ఉతుకుకే అది కుంచించుకుపోయి చీర అంచు ముడతలు పడుతుంది. ఆ వీధిలో ఇంకెవరూ చీర ఇవ్వరు. వచ్చిన డబ్బు పిల్ల చేతికే ఇవ్వండి. పదేళ్లు దాటితే పోస్టాఫీసులో తన పేరు మీదే ఖాతా తెరవొచ్చు, 500 రూపాయలు చాలు.

లెక్కల్లో తప్పి టెన్త్ దగ్గర ఆగిపోయిన పిల్ల ఒకతి ఉండేది. ఛాతీ 34 అయితే నాలుగో వంతు ఎంత మే అంటే బిక్కమొహం వేసింది. టేపుని 34 దగ్గర పట్టుకుని సగానికి మడిచి, మళ్లీ సగానికి మడవమన్నాను. 'ఎనిమిదిన్నర అక్కా!' కుట్టుకి ఒకటిన్నర కలపమనేలోపే పది దగ్గర చాక్‌తో గీసేసింది. చదువు గొప్పదనం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు నేను. ఆ వారమే ఓపెన్ స్కూల్ దరఖాస్తు నింపించాను. ఆ ఊపు నెలరోజులుండదు.

ఇంటివాళ్ల దగ్గర నేను దెబ్బతిన్నాను. పదహారేళ్ల పిల్లకి సంబంధం చూస్తున్నారని తెలిసి, పొద్దున్నే వాళ్ల వాకిట్లో నిలబడి, పద్దెనిమిది నిండకుండా చేస్తే కేసవుతుందని గట్టిగా చెప్పొచ్చాను. వీధంతా వినింది. చివరికి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాల్సొచ్చింది. పెళ్లి ఆగింది. పిల్ల మాత్రం మళ్లీ మెషిన్ దగ్గరికి రాలేదు. ముహూర్తం పెట్టేశారంటే ఇప్పుడైనా మొహమాటపడను, 1098కే చెబుతాను. అంతదాకా రాకముందే, సాయంత్రం పాలు పోసొచ్చాక పోయి, ముందు అవ్వ పక్కన కూర్చుంటాను. పిల్ల కుట్టిన దిండు గలీబు ఏదో ఒకటి చేతిలో పెడతాను. అవ్వ దాన్ని తిరగేసి కుట్లు చూస్తుంది. అప్పుడు మొదలుపెట్టాలి మాట.

2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సులో ఆడవాళ్లకి టికెట్ లేదు, కాబట్టి ఛార్జీల గొడవ తీరింది. ఇక బస్సు టైము చూసి, చీకటి పడకముందే ఇల్లు చేరేలా బ్యాచ్ పెట్టండి.

జూన్, జూలైలో తోతాపురి కాయ దిగితే సగంమంది మండీలకీ, గుజ్జు ఫ్యాక్టరీలకీ కూలికి పోతారు. పేర్లు కొట్టేయకండి. శ్రావణం పెళ్లిళ్ల జాకెట్లు వచ్చేసరికి వాళ్లే వస్తారు.

మే నెలలో తిరుపతి గంగజాతరకి సెలవు ఇవ్వాలనిపిస్తుంది. ఒక్క రోజిచ్చి ఆపండి. ఆడవేషం కట్టే మగపిల్లలు అక్కల జాకెట్లు పట్టుకొచ్చి వదులు చేయమంటారు. కుట్టు విప్పి మళ్లీ వేయడం నేర్పడానికి అంతకంటే మంచి వారం దొరకదు. పిల్లలు నవ్వుకుంటూనే పదీ పదిహేను జాకెట్లు తేల్చేస్తారు. డబ్బులు మాత్రం ముందే తీసుకోమనండి, వేషం తీసేశాక ఆ అబ్బాయిలు ఇటువైపు కనపడరు.