మద్యం మానిన మనిషికి సాయంత్రపు పాట: ఇంట్లో సంగీతాన్ని ఎలా వాడుకోవాలి

మద్యం మానేసిన మనిషికి పగలు ఎలాగో గడిచిపోతుంది. గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాగా పనిచేసే మా అన్నయ్యకు గండం సాయంత్రం ఆరింటికి మొదలయ్యేది. మిరప ఘాటు పట్టిన చొక్కాతో బండి తీసి, ఏళ్ల తరబడి ఆగిన వైన్‌షాపు ముందు నుంచే అతను ఇంటికి రావాలి. ఆ తర్వాతి రెండు గంటలు దాటించడానికి మాకు బాగా అక్కరకొచ్చింది పాట. ఏ పాట పెట్టాలో, ఎంతసేపు పెట్టాలో తెలియక మొదట్లో పొరపాట్లు చేశాం కనుక, ఇదే దారిలో ఉన్న కుటుంబాల కోసం వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక హెచ్చరిక. ఏళ్లుగా రోజూ తాగిన వ్యక్తి ఒక్కసారిగా మానేస్తే మొదటి మూడు నాలుగు రోజుల్లో చేతుల వణుకు, చెమటలు, ఫిట్స్, లేనివి కనిపించడం, వినిపించడం వంటివి రావచ్చు. ఇవి ప్రాణం మీదకు తేగలవు. ఆ సమయంలో పాటల జోలికి పోకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గుంటూరులోనూ విజయవాడలోనూ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. వైద్యులు గట్టెక్కించాక, మాత్రలూ కౌన్సెలింగూ సాగుతుండగానే, వాటికి తోడుగా సంగీతం మొదలుపెట్టవచ్చు. మామూలు చికిత్సకు సంగీత చికిత్సను జతచేస్తే మత్తు కోసం కలిగే తపన కొంత తగ్గుతుందని 2022లో వెలువడిన కాక్రేన్ సమీక్ష (ఒక విషయం మీద జరిగిన వైద్య పరిశోధనలను కలిపి తూచే నివేదిక) తెలిపింది. అక్కడ చెప్పిన సంగీత చికిత్స శిక్షణ పొందిన థెరపిస్టులు చేసేది. మనం ఇంట్లో చేసేది దానికి చాలా చిన్న తమ్ముడు.

మద్యానికి అలవాటుపడిన మెదడు, అది ఆగిపోయాక వారాలపాటు, కొందరిలో నెలలపాటు, చిన్న చికాకును కూడా పెద్ద ఆపదగా తీసుకుంటుంది. నిద్ర పట్టదు, ఎవరి మాటా పడదు, ఆ ఒత్తిడే మళ్లీ చుక్క వైపు లాగుతుంది. అయితే ఆ లాగుడుకు లొంగకుండా ఉండగలిగితే చాలాసార్లు అరగంటలోపే అది అలలా లేచి విరిగిపోతుంది. మన పాటలు ఆ అరగంటకు సరిపడితే చాలు.

మొదటి పని పాటలు ఏరడం. దీన్ని సాయంత్రం పెట్టుకోకుండా, మనసు నెమ్మదిగా ఉన్న ఏ ఆదివారం ఉదయమో చేయాలి. ఒక నోటు పుస్తకం తీసుకుని అతనికి ఇష్టమైన పాటలన్నీ అతని చేతనే రాయించి, ప్రతి పాట పక్కన అది ఎక్కువగా ఎక్కడ, ఎవరితో విన్నాడో కూడా రాయించాలి. మేము ఈ పని చేయకపోవడం వల్లే దెబ్బతిన్నాం. ఒకరోజు నేను మంచిదనుకుని ఒక పాత మెలోడీ పెట్టాను. పల్లవి పూర్తికాకముందే అన్నయ్య గుటక మింగాడు, కుడిచెయ్యి చొక్కా జేబు తడుముకుంది, నుదుట చెమట పట్టింది. "ఇది ఆపరా" అన్నాడు. ప్రతి శనివారం రాత్రి స్నేహితుల కారులో సీసా మూత తీసేటప్పుడు పెట్టే పాట అదేనని తర్వాత తెలిసింది. పాట ఎంత నెమ్మదిగా ఉందన్నదానికన్నా అది ఏ జ్ఞాపకాన్ని మోసుకొస్తుందన్నదే ముఖ్యమని నాకు ఆ రోజే అర్థమైంది. తాగుడుతో ముడిపడిన పాటలన్నిటినీ కొట్టేయండి. భక్తి పాటైనా, ఘంటసాల పద్యమైనా మినహాయింపు ఇవ్వకండి. ఫలానా రాగం ఫలానా జబ్బును నయం చేస్తుందనే మాటలను బట్టి కూడా పాటలు ఎంచకండి. నీలాంబరిలో జోలపాటలు పాడటం మన సంప్రదాయమే, కానీ అతనికి ఆ రాగంతో ఏ అనుబంధమూ లేకపోతే దాన్ని బలవంతంగా వినిపించి ప్రయోజనం లేదు.

మిగిలిన పాటలను వరుసగా పేర్చడం రెండో పని. కోపంతో ఊగిపోతున్న మనిషికి ముందే నిదానమైన కీర్తన పెడితే చిరాకు ఇంకా పెరుగుతుంది. అతని మనసు ఎంత వేగంగా ఉందో అంత వేగమున్న పాటతో మొదలుపెట్టి, మెల్లగా కిందికి దింపాలి. 1940లలో అమెరికాలో ఐరా ఆల్ట్‌షులర్ అనే మనోవైద్యుడు చెప్పిన పద్ధతి ఇదే. నాలుగైదు పాటలు, మొత్తం పాతిక నిమిషాలు ఉంటే సరిపోతుంది. చివరి పాట నిమిషానికి అరవై నుంచి ఎనభై దెబ్బల లయలో ఉండేలా చూసుకోవాలి. పాటకు తగినట్టు చప్పట్లు వేస్తూ పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే లెక్క తెలిసిపోతుంది. పాటలు ముందే డౌన్‌లోడ్ చేసి ఉంచండి, లేకపోతే ఫోన్ తనంతట తానే కొట్టేసిన పాటను తెచ్చి వినిపిస్తుంది. ఖాళీ కడుపుతో కూర్చోబెట్టకుండా ముందు నాలుగు ఇడ్లీలైనా పెట్టండి, ఆకలే చాలాసార్లు తపన వేషం వేసుకొస్తుంది. వినకముందు, విన్నాక ఒత్తిడి పదికి ఎంత ఉందో పుస్తకంలో రాయించండి. రెండు వారాల అంకెలు చూస్తే ఏ పాట పనిచేస్తోందో మీకే తెలుస్తుంది.

వినడం కుదురుకున్నాక పాడించండి. పాడేవాడు ఊపిరిని చప్పున పీల్చి చాలాసేపు వదులుతాడు. అలా నిదానంగా వదలడం వల్ల గుండె వేగం తగ్గుతుంది. గొంతు బాగుండాల్సిన పనిలేదు, పెదవులు మూసి కూనిరాగం తీసినా చాలు. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రంలో వచ్చే భక్తిరంజని వింటూ పెరిగిన వాళ్లకు తత్వాలూ రామదాసు కీర్తనలూ నోట్లోనే ఉంటాయి. గుడిలో భజన బృందమో, చర్చిలో పాటల బృందమో ఉంటే అక్కడికి వెంట తీసుకెళ్లండి. తోడు దొరకడమే సగం బలం. మందు పారే పెళ్లి ఊరేగింపులకూ వినాయక నిమజ్జనాలకూ మాత్రం మొదటి ఏడాది దూరంగా ఉంచాలి.

పాట వింటూ ఏడిస్తే ఆపకుండా పక్కన కూర్చోండి. కానీ బతకాలని లేదన్న మాట నోట వచ్చినా, రోజుల తరబడి ఎవరితోనూ మాట్లాడకపోయినా, పాట పక్కన పెట్టి వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేసి, ఒంటరిగా వదలకుండా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. మత్తు అలవాట్లకు సంబంధించిన జాతీయ హెల్ప్‌లైన్ 14446.

కొట్టేసిన పాటలను ఎప్పటికైనా తిరిగి వినవచ్చా అని కొందరు అడుగుతుంటారు. కనీసం ఏడాది గడిచాక, కౌన్సెలర్‌తో మాట్లాడి, పగటి పూట, ఇంట్లో మనుషులుండగా ఒక్కటొక్కటిగా ప్రయత్నించవచ్చు. మా అన్నయ్య అలా మూడు పాటలు వెనక్కి తెచ్చుకున్నాడు. శనివారం పాట మీద గీత మాత్రం అలాగే ఉంది. అతను అడగలేదు, నేనూ ఎత్తలేదు.