స్టాఫ్ మాట వింటలేరా? మనిషిని మార్చే ముందు ఇవి చూడండ్రి (సమస్య - పరిష్కారం)

మిర్యాలగూడ దిక్కు మిల్లు ఓనర్లు నలుగురు ఒక కాడ కూసుంటే వడ్ల రేటు అయిపోయినంక వచ్చే ముచ్చట ఒక్కటే, పనోళ్లు దొరుకుతలేరు, దొరికినోళ్లు నిలుస్తలేరు, నిలిచినోళ్లు మాట వింటలేరు. నల్గొండ క్లాక్ టవర్ కాడ బట్టల షాపాయన్ని అడిగినా గదే, జడ్చర్లల స్పేర్ పార్ట్స్ ఆయన్ని అడిగినా గదే. నేను పది నుంచి యాభై మంది పనిచేసే జాగలల్ల లెక్కలు, స్టాఫ్ పని చూస్త, నాకు తెలిసినకాడికి చానా మట్టుకు మనిషి ఖరాబ్ కాదు, మనం వాణ్ణి రోజూ ఏం అడుగుతున్నమో అది ఖరాబ్. ఏది అడిగితే అది చేస్తడు, అడగనిది ఎందుకు చేస్తడు? కింద రాసినయి ఎక్కువ రైస్ మిల్లు ముచ్చట్లే, మీది హోటలైనా షోరూమైనా పేర్లు మార్చుకొని చదువుకోండ్రి.

"రాత్రి షిఫ్టోళ్లు మాల్ ఖరాబ్ చేస్తుండ్రు"

పగటి పూట బియ్యం మంచిగనే వస్తయి, తెల్లారి చూస్తే నూక ఎక్కువ. సేటు ఏమంటడు, రాత్రి పండుకుంటుండ్రు అంటడు, సీసీ కెమెరా పెట్టిస్తడు, ఇద్దర్ని తీసేస్తడు, కొత్తోళ్లు వస్తరు, నూక మాత్రం అట్లనే వస్తది.

రాత్రి పదకొండు గంటలకు వచ్చే ఫోన్ ఒకసారి వినండ్రి.

"ఎన్ని బస్తాలైనయ్ రా?"

"ఇంకా డ్రయర్ల ఉంది సేట్, జర టైం పడ్తది."

"నిన్న గీ టైంకు ఎన్నైనయో తెల్వదా? నిద్రవోతుండ్రా?"

"లేదు సేట్, గంటల దింపుతం."

ఆ గంటల దింపుతం అన్నకాడనే పని చెడింది. బాయిల్డ్‌కు (ఉప్పుడు బియ్యానికి) ఆవిరి పట్టి బయటికొచ్చిన వడ్లల్ల తేమ దాదాపు 35 శాతం దాకా ఉంటది, దాన్ని 14 కాడికి తేవాలె. పద్ధతి ప్రకారం అయితే ముందు 16-18 దాకా ఆరబెట్టి, కొన్ని గంటలు బిన్‌ల ఊకె ఉంచి, గింజ లోపలి తేమ పైకి వచ్చినంక మళ్లా మిగిలింది ఆరబెట్టాలె. ఫోన్ పెట్టేసిన డ్రయర్ ఆపరేటర్ ఏం చేస్తడు, వేడి గాలి పెంచుతడు, మధ్యల ఉంచుడు తీసేస్తడు. గింజ పైన ఎండుతది, లోపల పచ్చి ఉంటది, సన్నగ పగుళ్లు వస్తయి, అవి కండ్లకు కనవడవు, పాలిష్‌ల పడ్డంక నూకై బయటవడ్తయి. సేటు అడిగింది బస్తాలు, ఆయన ఇచ్చిండు బస్తాలు. నూక గురించి రాత్రి ఎవ్వరూ అడగలే, తెల్లారి తిట్టిండ్రు అంతే.

ఇది చిన్న నష్టం గాదు. సీఎంఆర్ (సర్కారు ఇచ్చిన వడ్లు పట్టిచ్చి బియ్యం వాపస్ ఇచ్చుడు) లెక్కల క్వింటాల్ వడ్లకు బాయిల్డ్ అయితే 68 కిలోలు, పచ్చి బియ్యమైతే 67 కిలోలు సర్కారుకు పెట్టాలె, బాయిల్డ్‌ల నూక 16 శాతం దాటితే ఎఫ్‌సీఐ (బియ్యం తీసుకునే కేంద్ర సర్కారు సంస్థ) తీస్కోదు. ఇగ యాసంగి వడ్లు అయితే ఎండలకు ముందే నెర్రెలిచ్చి ఉంటయి, వాటిని పచ్చిగ పట్టిస్తే నూకే ఎక్కువ అని బాయిల్డ్‌కు పోతం, అక్కడ గూడ తొందర పెట్టుకుంటే బాయిల్డ్ చేసిన ఫాయిదా ఏముంది.

ఏం చేయాలంటే ఫోన్ల అడిగే వరుస మార్చాలె. ముందు తేమ ఎంత, తర్వాత నూక ఎంత, బస్తాలు ఆఖరుకు. గంటగంటకు తేమ మీటర్ రీడింగ్ ఆపరేటరే తన చేత్తోని డ్రయర్ పక్కన బోర్డు మీద రాయాలె, గుమాస్తా కాదు, ఎందుకంటే రాసినోనికే తేడా ముందు తెలుస్తది. షిఫ్ట్ మారేటప్పుడు పోయేటోడు, వచ్చేటోడు మిషన్ కాడ నిలవడి ఏది నడుస్తుంది, ఏది సతాయిస్తుంది మాట్లాడుకోవాలె, గేట్ కాడ చాయ్ తాగుకుంట కాదు. బోనస్ ఇస్తే బస్తా మీద ఇయ్యకండ్రి, పాసైన బియ్యం మీద ఇయ్యండ్రి. ఇవన్నీ చేసినా నూక వస్తుందంటే అప్పుడు పొట్టు తీసే హల్లర్ రబ్బర్ రోలర్లు చూడండ్రి, అరిగినయేమో, మనిషి వంతు అయిపోయింది.

"నేను లేకపోతే ఒక్క పని గూడ కాదు"

ఈ మాట చెప్పేటప్పుడు కొందరు ఓనర్ల మొఖంల జర సంతోషం కనిపిస్తది, నాకైతే అది సమస్యల సగం అనిపిస్తది. సూర్యాపేటల పెండ్లికి పోతే ఫోన్ మీద ఫోన్, బెల్ట్ తెగింది సేట్ ఏం చేద్దాం, లారీ వచ్చింది దింపుదామా, కరెంటోడు వచ్చిండు ఎంత ఇయ్యాలె.

వెనకకు పోయి చూస్తే ఎప్పుడో ఒకనాడు మెకానిక్ తనే పోయి బేరింగ్ కొనుక్కొచ్చి మిషన్ నడిపిచ్చిండు, సాయంత్రం అందరి ముంగట "ఎవర్ని అడిగి తెచ్చినవ్, రేటు ఎవడు మాట్లాడిండు" అని అడిగిండ్రు. రేటుల వంద రూపాయలు తేడా ఉండొచ్చు. కానీ ఆ రోజు సంది ఆ మెకానిక్కే కాదు, నిలవడి చూసిన పదిమంది గూడ అడగకుండ ఏదీ చేయొద్దని నేర్చుకున్నరు. మిషన్ రెండు గంటలు ఆగినా మంచిదే, తిట్లు వడవు.

పరిష్కారం ఏందంటే హద్దు రూపాయలల్ల చెప్పాలె. రెండు వేల దాకా ఎవర్నీ అడగొద్దు, బిల్లు తెచ్చి గల్లల పెట్టు. రెండు నుంచి పది వేల దాకా సూపర్‌వైజర్‌కు చెప్పి చెయ్యి. దాని పైన నాకు ఫోన్ చెయ్యి. మీ వ్యాపారాన్ని బట్టి నంబర్లు మీరే పెట్టుకోండ్రి, కానీ చెప్పినంక ఆ హద్దు లోపల జరిగినదాన్ని అందరి ముంగట తవ్వొద్దు, తప్పు కొన్నడనిపిస్తే పక్కకు పిలిచి వచ్చేసారి ఫలానా దుకాణంల అడుగు అని చెప్తే సరిపోతది. మొదటి నెల ఫోన్లు తగ్గవు, వచ్చిన ప్రతి ఫోన్‌కు "నువ్వేమంటవ్?" అని ఎదురు అడగాలె. వాళ్లు చెప్పింది పదిల ఎనిమిది సార్లు కరెక్టే ఉంటది.

"ఒకటి చెప్తే ఇంకోటి చేస్తరు"

చేసేటోడు ఒక్కడే, చెప్పేటోళ్లు ముగ్గురు. సేటు దింపు అంటడు, బామ్మర్ది వచ్చి ముందు లోడ్ చెయ్యి అంటడు, హైదరాబాద్‌ల ఎంబీఏ చేసొచ్చిన కొడుకు వచ్చి రెండూ ఆపి స్టాక్ లెక్కపెట్టు అంటడు. హమాలీ మేస్త్రీ ఏం చేయాలె? ముగ్గుర్ల ఎవరు ఎక్కువ లొల్లి పెడ్తరో వాళ్ల పని చేస్తడు, మిగతా ఇద్దరు మాట వింటలేడు అంటరు.

ఇది స్టాఫ్ మీటింగుల తేలదు, ఇంట్ల అన్నం తినేకాడ తేలాలె. యార్డ్ ఎవరిది, మిషన్ ఎవరిది, పైసలు ఎవరివి అని పంచుకొని, యార్డ్ బామ్మర్దిది అంటే సేటు గూడ యార్డ్ పని బామ్మర్దికే చెప్పాలె, నేరుగ మేస్త్రీకి చెప్పొద్దు. సేటుకు ఇది మస్తు కష్టం. మా దిక్కు ఫ్యామిలీ బిజినెస్‌లల్ల సగం లొల్లి ఇక్కడనే ఉంటది, స్టాఫ్ ఊకెనే మధ్యల నలుగుతరు.

"అంతా అయిపోయినంక చెప్తరు"

నాకు అన్నిటికంటే భయం అనిపించేది ఇది. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు, బాయిలర్ కాడ ముచ్చట దాస్తే మనిషి పోతడు. బాయిలర్‌ల నీళ్లు ఎంతున్నయో చూపే గేజ్ గ్లాస్‌ల నీళ్లు కనిపిస్తయి గానీ లోపల మడ్డి అడ్డం వడి ఉంటే ఆ చూపించేది అబద్ధం, అందుకే షిఫ్ట్‌కు ఒకసారన్న దాన్ని బ్లోడౌన్ చేసి (వాల్వ్ తిప్పి మడ్డి నీళ్లు బయటికి వదిలి) చూడాలంటరు. నీళ్లు నిజంగ తగ్గినయని డౌట్ వస్తే ఊక వేసుడు ఆపి మంట తగ్గియ్యాలె, కాలిన ట్యూబుల మీద సల్లటి నీళ్లు ఒక్కసారి కొట్టొద్దు. ఇవన్నీ అటెండెంట్‌కు తెలుసు. తెలిసి గూడ ఎందుకు చెప్పడంటే, మంట ఆపితే ఆవిరి ఆగుతది, ఆవిరి ఆగితే వడ్లు ఆగుతయి, వడ్లు ఆగితే సేటు ఉరికొచ్చి మొదలు అడిగేది "ఎవడు ఆపిండు రా?"

టయోటా కార్ల ఫ్యాక్టరీలల్ల అండాన్ అని ఒకటి ఉంటది, లైన్ మీద తప్పు కనవడితే ఏ వర్కరైనా తాడు గుంజొచ్చు, లీడర్ ఉరికొస్తడు, వెంటనే సరికాకపోతే లైన్ ఆగుతది, గుంజినోన్ని ఎవ్వరూ ఏమీ అనరు. హార్వర్డ్‌ల అమీ ఎడ్మండ్‌సన్ అని ప్రొఫెసర్ 1990లల్ల ఆసుపత్రులల్ల మందులు ఇచ్చుట్ల జరిగే తప్పుల మీద రీసెర్చ్ చేసింది, మంచిగ పనిచేసే టీములల్లనే తప్పులు ఎక్కువ కనవడ్డయి, ఇదేందని లోపలికి పోయి చూస్తే వాళ్లు తప్పులు ఎక్కువ చేసుడు కాదు, దాచకుండ చెప్తున్నరట. మీ దగ్గర మూడు నెలల సంది ఒక్క కంప్లెయింట్ రాలేదంటే సంతోషపడకండ్రి, జర అనుమానపడండ్రి.

ఇగ చేయాల్సింది, "ఎవడు" అనే మాట పక్కకు పెట్టి "ఏమైంది, ఇప్పుడు ఏం చేద్దాం" అని మొదలు పెట్టుడు. ఎవడు అనేది రెండ్రోజులు ఆగి అడిగినా ఏం కాదు. డౌట్ వచ్చి మిషన్ ఆపినోడు తప్పు ఆపిండనే తేలినా సరే, అందరి ముంగట "ఆపి మంచిగ చేసినవ్ తమ్మీ" అనాలె. ఒక్కసారి అంటే నమ్మరు, రెండోసారి నష్టం జరిగినప్పుడు మీరు ఏమంటరో చూసి నమ్ముతరు.

"పండుగకు పోయినోడు మళ్లా రాలే"

దసరాకు పోయిన మనోడు, ఛఠ్ పూజకు పోయిన బీహారోడు, అడ్వాన్స్ తీస్కొని పోయి ఫోన్ ఎత్తరు. నమ్మకం లేని మనుషులు అంటరు. పాలమూరు నుంచి ఏండ్ల తరబడి వలస పోయినోళ్ల ఇండ్లల్ల అడగండ్రి, పనోడు ఎందుకు వాపస్ పోడో వాళ్లు చెప్తరు: లెక్క తెల్వదు కాబట్టి. ఎంత అడ్వాన్స్, ఎంత కట్ అయింది, ఎంత మిగిలింది అనేది సేటు బుక్కులనే ఉంటది, పనోని చేతిల కాయితం ముక్క ఉండదు. ఎంత చేసినా బాకీ తీరదని ఒకసారి అనిపిస్తే పారిపోవుడే.

జీతం వచ్చే నెల 7వ తారీఖు లోపల పడాలె, ఇది మన దయ కాదు, చట్టం. 2025 నవంబర్ 21 సంది అమల్లకొచ్చిన వేతనాల కోడ్‌ల గూడ గదే ఉంది. అడ్వాన్స్ గిట్ల అన్ని కోతలు కలిపి నెల జీతంల సగం దాటొద్దు, ఓవర్‌టైంకు డబుల్ రేటు. అడ్వాన్స్ కార్డు రెండు కాపీలు, ఒకటి వాని జేబుల. పైసలు మేస్త్రీ చేతికి కాకుండ ఎవరి ఖాతల వాళ్లకు. పది మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఈఎస్ఐ (పనోళ్లకు సర్కారు వైద్య బీమా) చూస్కోండ్రి, 21 వేల లోపు జీతానికి మనిషి 0.75 శాతం, మనం 3.25 శాతం, భార్యాపిల్లలకు గూడ వైద్యం వస్తది, ఇది పనోళ్ల ఇంట్ల ఆడోళ్లకు తెలిసిందంటే వాళ్లే మొగన్ని పనికి తోలుతరు.

"మంచి ఆపరేటర్‌ను సూపర్‌వైజర్ చేస్తే రెండూ పోయినయి"

అవును, పోతయి. సార్టెక్స్ (రంగు మారిన బియ్యం ఏరే మిషన్) మీద చేయి తిరిగినోనికి పదిమందిని నడిపిచ్చుడు రావాలని ఏముంది. పైగా పేరు మార్చినం గానీ పాత పని తీసెయ్యలే, జీతం గూడ ఎంతో పెంచలే. నిన్నటి దాకా ఒకే బీడీ పంచుకున్నోళ్లకు ఇయ్యాల ఆర్డర్ వెయ్యమంటే సిగ్గుతోని చెప్పడు, లేకపోతే మీదికెళ్లి అరుస్తడు. పాత పనిని ఇంకొకనికి పూర్తిగ అప్పజెప్పి, మూడు నెలలు వారానికి ఒకసారి కూసోబెట్టి ఎవరితోని ఏం ఇబ్బంది అయిందో అడగండ్రి. ఇష్టం లేదంటే ఆపరేటర్‌గనే ఉంచి జీతం పెంచండ్రి, నాయకుడు కాకుండ గూడ జీతం పెరగొచ్చు.

"వాట్సాప్‌ల చెప్పిన, చూసిండ్రు, చెయ్యలే"

గ్రూపుల చెప్పింది అందరికి చెప్పినట్టు, అంటే ఎవ్వరికీ చెప్పనట్టు. పేరు పెట్టి, టైం పెట్టి ఒక్కనికి చెప్పండ్రి. గుడ్ మార్నింగ్ ఫోటోలు వేరే గ్రూపుల పెట్టుకోండ్రి. రాత్రి పది దాటినంక మెసేజ్ వద్దు, అర్జెంట్ అయితే ఫోన్ చేయొచ్చు.

ఇవన్నీ చేసినా ఒకడు సెట్ అయితలేడు

ఉంటరు అసొంటోళ్లు గూడ. నాలుగుసార్లు పక్కకు పిలిచి చెప్పి, చెప్పింది తారీఖుతోని రాసుకొని, అయినా మారకపోతే పంపియ్యాలె, లేకపోతే మంచిగ చేసేటోళ్లు వాణ్ణి చూసి చల్లవడ్తరు. కానీ సతాయిచ్చి వాడే పోయేటట్టు చేసుడు, జీతం ఆపి తిప్పుడు చేయొద్దు. నోటీసు ఇచ్చి, అడ్వాన్స్ కార్డు ముంగట పెట్టి లెక్క చూపిచ్చి, తీసేసినా తనే మానేసినా రెండు పని దినాలల్ల రావాల్సిన జీతం ఖాతల వెయ్యాలె, కొత్త కోడ్‌ల గట్లనే ఉంది. వాడు పొయ్యేది గూడ పక్క మిల్లుకే, మీ దగ్గరికి వచ్చే కొత్త ఆపరేటర్ ముందు వానికే ఫోన్ చేసి అడుగుతడు.