వేర్లలో శిలీంధ్రాన్ని చూడటం, 4వ పాఠం: నీలంగా ఉన్నదల్లా మైకోరైజా కాదు

మైకోరైజా అంటే మొక్క వేరూ శిలీంధ్రమూ కలిసి బతికే పొత్తు. ఆ శిలీంధ్రం కనబడేలా గత పాఠంలో టేకు వేర్లను క్షారంలో వేడిచేసి, సిరా కలిపిన వెనిగర్‌తో రంగు పట్టించడం నేర్చుకున్నాం. ఈసారి లెక్కపెట్టడం మొదలుపెట్టాలి. కానీ మీరు పంపిన ఫోటోలు చూశాక లెక్క ఇప్పుడే వద్దనిపించింది. చాలామందికి వేరు గోధుమ రంగులోనే ఉండిపోయింది. కొందరికి రంగే పట్టలేదు. రంగు బాగా పట్టినవాళ్లు మూలకేశాలకు బాణం గుర్తు పెట్టి "మైకోరైజా దొరికింది" అని రాశారు. ముందు వీటిని సరిచేసుకుందాం.

వేరు గోధుమగా మిగిలిందంటే టేకులో టానిన్లు, అంటే గోధుమ రంగునిచ్చే వగరు పదార్థాలు, ఎక్కువన్నమాట. 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఒక్కసారి వేడిచేస్తే చాలదు. ద్రావణం టీ రంగులోకి మారగానే పారబోసి కొత్తది పోయండి. రెండు మూడుసార్లు మార్చాక కూడా తేటపడకపోతే, కడిగిన వేర్లను మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో కొన్ని చుక్కల అమోనియా వేసి నానబెట్టండి. పది నిమిషాలకోసారి చూస్తూ, వేరు పాలిపోగానే తీసేయాలి. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా క్షారం ముట్టుకోవద్దు. అల్యూమినియం గిన్నె అసలు వాడొద్దు. క్షారం దాన్ని తినేసి హైడ్రోజన్ వదులుతుంది. గాజు పాత్ర లేదా స్టీలు గిన్నె పెట్టండి, దాన్ని మళ్లీ వంటకు వాడకండి.

రంగు పట్టనివాళ్లు దాదాపు అందరూ ఒకే మెట్టు వదిలేశారు. క్షారం నుంచి తీసిన వేరును నీళ్లతో కడిగాక కొన్ని నిమిషాలు ఉత్త వెనిగర్‌లో ఉంచాలి. లోపల క్షారం మిగిలితే సిరా శిలీంధ్రాన్ని పట్టుకోదు. ఆ తర్వాత వెనిగర్‌లో 5 శాతం సిరా కలిపి, మరుగుతుండగా మూడు నిమిషాలు ఉంచాలి. చివరిగా రెండు మూడు చుక్కల వెనిగర్ వేసిన నీళ్లలో అరగంట నానబెడితే అదనపు రంగు పోతుంది. అంతా నీలమైపోయినవాళ్లు ఈ చివరి మెట్టును తొందరగా ముగించారు. ప్రయోగశాలల్లో ట్రిపాన్ బ్లూ వాడతారు కదా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఫిలిప్స్, హేమన్ అనే శాస్త్రవేత్తలు 1970లో చెప్పిన పద్ధతి అది. ఫలితం బాగుంటుంది. కానీ ఆ రంగు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థం. ఇంట్లో నేర్చుకునేవాళ్లకు నేను సిరానే చెబుతాను. 1998లో ఈ సిరా పద్ధతిని ప్రచురించినవాళ్లు కూడా అన్ని సిరాలూ పనిచేయవని చూపించారు. ఒకటి పట్టకపోతే ఇంకో నల్ల ఫౌంటెన్ పెన్ సిరా ప్రయత్నించండి.

ఇంకో మాట. టేకుతో కష్టపడుతున్నవాళ్లు దాన్ని ఆపి ముందు ఉల్లి వేరు చూడండి. ఉల్లి వేరు తెల్లగా ఉంటుంది, మూలకేశాలు చాలా తక్కువ, క్షారంలో కాసేపు ఉంచితే చాలు గాజులా తేటపడుతుంది. పైగా దానికి ఈ శిలీంధ్రం మీద ఆధారం ఎక్కువ. చెట్టు కింద మట్టి తెచ్చి కుండీలో ఉల్లి విత్తనాలు చల్లితే ఆరు వారాల్లో చూడదగ్గ వేర్లు వస్తాయి. అడవి చెట్టుతో మొదలుపెట్టాలన్న ఉత్సాహం మంచిదే. కానీ కన్ను తయారయ్యేది ఉల్లితోనే.

ఇక అసలు విషయం. వేరులో నీలంగా కనిపించిన ప్రతిదాన్నీ మైకోరైజా అనేయడం నన్ను బాగా ఇబ్బంది పెడుతుంది. అందుకే దీన్ని నిదానంగా చెబుతాను.

ముందు మూలకేశాలు. వేరు అంచు నుంచి బయటికి పొడుచుకొచ్చి, ఒకే మందంతో, కొమ్మలు లేకుండా, మొద్దు కొనతో ముగిసేది మూలకేశం. దాని మొదలు చూడండి. వేరు పైపొరలోని కణమే సాగి కేశమై ఉంటుంది. శిలీంధ్ర తంతువు అలా ఉండదు. బయటి నుంచి వచ్చి పైపొర మీద కొంచెం ఉబ్బి, అక్కడి నుంచి లోపలికి దిగుతుంది. ఆ దిగిన చోటు కనబడేదాకా "దొరికింది" అనొద్దు.

తర్వాత వేరు నడుమ నిలువుగా, స్ప్రింగుల్లాగా, మెట్లమెట్లుగా నీలంగా కనిపించేవి. అవి నీళ్లు మోసే దారువు గోడలు. మనం వెతుకుతున్న ఆర్బస్క్యులార్ శిలీంధ్రం వేరు నడిమి స్తంభంలోకి ఎప్పుడూ పోదు. పైపొరకూ స్తంభానికీ మధ్యనున్న వల్కలంలోనే ఉంటుంది. కాబట్టి మైక్రోస్కోప్ కింద ముందు స్తంభం ఎక్కడుందో గుర్తించండి. దానిలో ఉన్నదాన్ని లెక్కలో వేయొద్దు.

మూడోది అన్నిటికంటే ఎక్కువగా మోసం చేస్తుంది. అడవి చెట్ల వేర్లలో ముదురు గోధుమ రంగు తంతువుల శిలీంధ్రాలు మామూలే. వాటిలో కొద్ది కొద్ది దూరానికి అడ్డుగోడలుంటాయి. కొన్నిసార్లు ఒక కణం నిండా గుండ్రటి కణాల ముద్దలా పేరుకుంటాయి. వాటిని మీలో కొందరు వెసికిల్స్, అంటే మన శిలీంధ్రపు తంతువులో ఉబ్బిన సంచులు, అన్నారు. కాదు. మన శిలీంధ్రపు లేత తంతువుల్లో అడ్డుగోడలుండవు. ముదిరిన తంతువుల్లో అక్కడక్కడ వస్తాయి, అందుకే ఒక్కచోట చూసి తేల్చొద్దు, తంతువు వెంట కొంత దూరం వెళ్లండి. ఇక్కడ ఒక చిట్కా ఉంది. క్షారంలో తేటపరచిన వేరు ముక్కలు నాలుగైదు రంగు వేయకుండా పక్కన పెట్టండి. రంగు వేయని ముక్కలోనూ గోధుమ తంతువులు కనిపిస్తే అవి మనకు కావలసినవి కావు. నేను ప్రతిసారీ ఈ ముక్కలనే ముందు చూస్తాను.

నాలుగోది పిథియం. నారు కుళ్లు తెచ్చేది అదే. దాని తంతువుల్లోనూ అడ్డుగోడలుండవు, వేరు లోపల గుండ్రటి బీజాలు కూడా చేస్తుంది. తేడా ఏమిటంటే పిథియం బీజం గోళంలో గోళంలా, రెండు గోడలతో కనిపిస్తుంది. వెసికిల్ అలా కాదు. అది తంతువు కొనలోనో మధ్యలోనో ఉబ్బిన సంచి, లోపల నూనె బిందువులు మెరుస్తాయి. కుళ్లి మెత్తబడ్డ వేరును ఎన్నుకుంటే పిథియం దొరికే అవకాశం ఎక్కువ. బిగువుగా ఉన్న సన్న వేర్లే తీసుకోండి.

చివరిగా రాలిన ఆకుల కింద తెల్లటి దారాలు. వాటి ఫోటోలు చాలా వచ్చాయి. ఎండుటాకులను, పుల్లలను కుళ్లబెట్టే శిలీంధ్రాలు కూడా అలాగే తెల్లగా అల్లుకుంటాయి. వేరులోకి దారి కనిపించని తెల్ల దారం గురించి మనం ఏమీ చెప్పలేం.

మరి దేన్ని నమ్మాలి? ఆర్బస్క్యూల్‌ను. వల్కలంలోని ఒక కణంలోకి తంతువు దూరి, రెండుగా చీలి, మళ్లీ చీలి, కణం నిండా సన్నటి పొదలా పరుచుకుంటుంది. మొక్కకూ శిలీంధ్రానికీ ఇచ్చిపుచ్చుకోవడం ప్రధానంగా అక్కడే. భాస్వరం మట్టిలో చాలా నెమ్మదిగా కదులుతుంది. మన ఎర్ర నేలల్లో అయితే ఇనుముకు, అల్యూమినియంకు అంటుకుని కూర్చుంటుంది. వేరు తన చుట్టూ ఉన్నది తాగేశాక, దూరంగా ఉన్నదాన్ని ఈ తంతువులు తెచ్చిపెడతాయి. బదులుగా మొక్క చక్కెరలు ఇస్తుంది. చక్కెరలే కాదు, కొవ్వు ఆమ్లాలు కూడా మొక్కే ఇస్తుందని 2017లో వేర్వేరు బృందాలు చూపించాయి. ఆ కొవ్వులు తనంతట తాను తయారుచేసుకోలేని జీవి కాబట్టే మొక్క లేకుండా ఇది బతకదు.

అయితే "ఎంత వెతికినా పొద కనబడలేదు" అన్నవాళ్లు నిరాశపడొద్దు. ఆర్బస్క్యూల్ ఆయుష్షు కొన్ని రోజులే. ఆ తర్వాత కుంగి ముద్దవుతుంది. పైగా 1905లోనే గల్లో అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఇందులో రెండు తీరులున్నాయని రాశాడు. ఒక తీరులో తంతువు కణాల మధ్య సందుల్లో సాగుతూ పక్క కణాల్లో పొదలు వేస్తుంది. పాఠ్యపుస్తకాల్లో బొమ్మ అదే, ఉల్లిలో కనిపించేదీ అదే. రెండో తీరులో తంతువు కణం నుంచి కణంలోకే పోతూ ప్రతి కణంలో చుట్టలు చుట్టుకుంటుంది, పొదలు చిన్నవిగా ఆ చుట్టల మీదే వస్తాయి. అడవి నీడలో పెరిగే మొక్కల్లో, చాలా చెట్లలో ఈ చుట్టల తీరు మామూలు. మీరు పంపిన ఫోటోల్లో "చెత్త" అని కొట్టేసినవాటిలో చక్కటి చుట్టలున్నాయి. వాటిని మళ్లీ తీసి చూడండి. కాలం కూడా చూసుకోండి: ఎండాకాలంలో ఆకు రాల్చిన టేకు కింద తవ్వి లాభం లేదు, వానలు పడి కొత్త వేర్లు వచ్చాక వెళ్లండి. అభయారణ్యంలోనూ రిజర్వు అడవిలోనూ అనుమతి లేకుండా తవ్వొద్దు. పొలం గట్టు మీది టేకు చాలు.

గుగ్గిలం, పైన్ వేర్లు తెచ్చినవాళ్లకు ఈ రంగు పద్ధతే అవసరం లేదు. అక్కడ ఉండేది ఎక్టోమైకోరైజా. శిలీంధ్రం కణంలోకి దూరదు, వేరు కొనకు బయటి నుంచి తొడుగు వేసి కణాల మధ్య వలలా అల్లుకుంటుంది. భూతద్దంతోనే చూడొచ్చు. కొనలు పొట్టిగా, లావుగా, మూలకేశాలు లేకుండా ఉంటాయి. అరకు దగ్గర నాటిన పైన్ చెట్ల కింద అయితే కొనలు రెండుగా చీలి కనిపిస్తాయి. బస్తర్‌లో తొలి వానలకు గుగ్గిలం చెట్ల కింద తవ్వి తీసి ఎక్కువ ధరకు అమ్మే బోడా అనే పుట్టగొడుగు ఈ రకం శిలీంధ్రపు పంటే. నీలగిరి చెట్టుకు రెండు రకాలూ ఉంటాయి, మొదటిసారి దాని జోలికి పోవద్దు. సరుగుడు వేరు మీది బుడిపెలు మాత్రం ఫ్రాంకియా అనే బాక్టీరియావి.

ఈ రెండు రకాల తేడా తెలిస్తే "అడవి చెట్లన్నీ భూమి కింద ఒకే వల" అనే మాటను ఎలా చూడాలో తెలుస్తుంది. 1997లో సుజాన్ సిమార్డ్ అనే అడవి శాస్త్రవేత్త బృందం కెనడా అడవిలో కార్బన్ ఇచ్చిపుచ్చుకోవడం చూపించింది బిర్చ్, డగ్లస్ ఫర్ మధ్య. రెండూ ఎక్టోమైకోరైజా చెట్లే. పక్కనే నాటిన సీడార్ ఆర్బస్క్యులార్ రకం, దానికి చేరింది తక్కువ. టేకుకూ గుగ్గిలానికీ ఉమ్మడి వల ఉందనాలంటే ముందు ఆ రెండింటిలోనూ ఒకే శిలీంధ్రం ఉండాలి. అసలు అడవిలో అలాంటి వలల ప్రభావానికి ఆధారాలు చెబుతున్నంత గట్టిగా లేవని 2023లో ఈ రంగంలోని పరిశోధకులే సమీక్ష రాశారు. వేరులో ఏముందో చూడటం నేర్చుకున్నవాళ్లు ఈ చర్చను సొంతంగా తూచగలరు. ఈ పాఠాలు రాస్తున్నది అందుకే.

అభ్యాసం. ఈసారి పని ఎక్కువే. మూడు కుండీలు పెట్టండి. మొదటిదాంట్లో చెట్టు కింద మట్టి, ఉల్లి. రెండోదాంట్లో అదే మట్టిని ప్రెషర్ కుక్కర్‌లో గంటసేపు ఆవిరి పట్టి చల్లార్చి, ఉల్లి. మూడోదాంట్లో ఆవిరి పట్టని మట్టి, ఆవాలు. ఆవ జాతి మొక్కలు ఈ శిలీంధ్రంతో మామూలుగా పొత్తు పెట్టుకోవు, కాబట్టి అందులో పొదలు "కనిపిస్తే" మీ కన్ను ఇంకా కుదరలేదని అర్థం. ఆరు వారాల తర్వాత ఒక్కో కుండీ నుంచి సెంటీమీటరు ముక్కలు ముప్పై తీసి రంగు వేయండి. 400 రెట్ల కింద, వేరుకు అడ్డంగా ఊహించుకున్న గీత మీద పడినదాన్ని మాత్రమే రాయండి: పొద, చుట్ట, వెసికిల్, ఉత్త తంతువు, గోధుమ తంతువు, ఏమీ లేదు. కుండీకి 150 గీతలు. తర్వాత స్లైడ్ల పేర్ల మీద కాగితం అంటించి, వాటిని కలిపేసి, వారం ఆగి మళ్లీ లెక్కపెట్టండి. రెండు లెక్కలూ పంపండి. ఫోల్డ్‌స్కోప్ (కాగితపు మైక్రోస్కోప్) ఉన్నవాళ్లకు పొదలు స్పష్టంగా తెలియవు, వాళ్లు తంతువు, వెసికిల్, గోధుమ తంతువు అనే మూడింటినే రాస్తే చాలు.