ఉత్తర్‌పారా జమీందారు గురించి రాయాలంటే మీ ఇంటి పట్టాతో మొదలుపెట్టండి

అనంతపురంలో డిగ్రీ పిల్లలకు ఇరవై ఎనిమిదేళ్లు చరిత్ర చెప్పాను. రిటైరయ్యాక కూడా ప్రాజెక్టులు పట్టుకుని పిల్లలు ఇంటికి వస్తుంటారు. పోయిన నెల ఒకమ్మాయి రాజా ప్యారీమోహన్ ముఖర్జీ మీద పదిహేను పేజీలు రాసి తెచ్చింది. బెంగాల్‌లో హుగ్లీ నది ఒడ్డున ఉత్తర్‌పారా జమీందారు, న్యాయవాది, శాసనమండలి సభ్యుడు. 1840లో పుట్టి 1923లో పోయాడు. తేదీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ రెండో పేజీలో "ఆయన మన ఊళ్లో పెద్ద రైతు లాంటివాడు" అని రాసింది. అక్కడే ఆపాను. మిగతా పేజీలన్నీ ఆ మాట మీదే నిలబడ్డాయి మరి.

మీరూ ఇలాంటి జీవితం రాయాలనుకుంటే ముందు ఇంట్లో బీరువా తెరవండి. పట్టా, పాత శిస్తు రసీదు, ఏది దొరికితే అది తీయండి. ఆ అమ్మాయి వాళ్ల ముత్తాత రసీదు ట్రంకుపెట్టె అడుగు నుంచి తెచ్చింది. నాలుగు మడతలు, మడత దగ్గర చిరుగు, కింద కరణం సంతకం. కట్టినవాడి పేరు ఒకటే ఉంది, తీసుకున్నది సర్కారు. మధ్యలో ఎవరూ లేరు. 1800లో మన సీమ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక 1807 దాకా మన్రో ఇక్కడ కలెక్టరుగా ఉండి పాతుకునేలా చేసిన రైత్వారీ అంటే అదే. 1827లో పత్తికొండలో కలరాతో పోయింది ఆ మన్రోనే.

ఇప్పుడు తెల్లకాగితం మీద పైన సర్కారు, కింద రైతు అని రాసి, మధ్యలో చాలా జాగా వదలండి. బెంగాల్‌కు ఆ జాగా కావాలి. 1793లో కారన్‌వాలిస్ శాశ్వత శిస్తు పెట్టాడు. రైతుల దగ్గర వచ్చే కౌలులో 11 పాళ్లకు 10 కంపెనీకి, ఒకటి జమీందారుకు అన్న లెక్కన కట్టాల్సిన మొత్తాన్ని ఖాయం చేశారు. ఆ మొత్తం ఇక పెరగదు. కౌలు మాత్రం పెరుగుతూ పోయింది, పెరిగిందంతా జమీందారుదే. గడువు రోజు పొద్దుగూకేలోపు డబ్బు కట్టకపోతే ఎస్టేటు వేలానికి పోతుంది. జమీందారు కింద ఊళ్లను శాశ్వతంగా గుత్తకు తీసుకున్న పత్తనీదారు, వాడి కింద ఇంకొకడు, అలా మెట్లు మెట్లుగా దిగితే అడుగున రైతు. ఇన్ని మెట్లున్న చోట దావాలు తప్పవు. జమీందారీ ఇళ్లలో కొడుకును లా చదివించడం ఎందుకో అప్పుడు అర్థమవుతుంది.

తర్వాత ఆయన జీవితంలో ఒక్క ఏడాది పట్టుకుని అక్కడ ఎక్కువసేపు కూర్చోండి. ప్యారీమోహన్‌కు అది 1885. ఒకే ఊళ్లో పన్నెండేళ్లు సాగు చేసిన రైతును ఇష్టమొచ్చినట్టు భూమి నుంచి వెళ్లగొట్టకుండా, ఒప్పందం మీద పెంచే కౌలు రూపాయికి రెండణాలు దాటకుండా బెంగాల్ కౌలు చట్టం ఆ ఏడాది వచ్చింది. వైస్రాయి కౌన్సిల్లో జమీందార్ల సంఘం తరఫున దాన్ని ఎదిరించింది ఈయనే. ఈ ఘట్టాన్ని రెండు వాక్యాల్లో దాటేయకండి. ఆయన ఎవరి పక్షాన నిలబడ్డాడో అచ్చంగా రాయండి.

అలాగే తండ్రి జయకృష్ణ 1859లో ఉత్తర్‌పారాలో తెరిచిన గ్రంథాలయం గురించీ రాయండి. 1886 కలకత్తా కాంగ్రెస్‌లో దాదాభాయి నౌరోజీ పేరును అధ్యక్షుడిగా ప్రతిపాదించిందీ, అప్పటికి చూపు పోయిన ఆ ముసలాయనే. 1909లో అరవిందుడు ప్రసంగించిందీ ఉత్తర్‌పారాలోనే. ఆ గ్రంథాలయానికి పుస్తకాలు కొన్న డబ్బు కౌలు డబ్బేనని పక్కనే రాస్తే చాలు, తీర్పులు చెప్పనక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. మన దగ్గర మధ్యలో జమీందారు లేడు కాబట్టి మన రైతు సుఖపడ్డాడని మాత్రం రాయొద్దు. 1876లో మొదలైన ధాత కరువులో కర్నూలు, కడప, అనంతపురం పల్లెలు ఎట్లా ఖాళీ అయ్యాయో మా అవ్వ చెబుతుంటే విన్నాను. ఆమె వాళ్ల అవ్వ నోట విన్నది. శిస్తుకు నేరుగా సర్కారే వచ్చినా చేనుకు వాన రావాలి కదా.

ఆ అమ్మాయి మొత్తం తిరగరాసి మొన్న ఆదివారం తెచ్చింది. మొదటి పేజీలో ముత్తాత రసీదు ఫొటో అంటించింది. ప్యారీమోహన్ నాలుగో పేజీలో గానీ రాడు. ఆయన వచ్చేసరికి కాగితం మధ్యలో ఆ మెట్లన్నీ గీసి ఉన్నాయి, అడుగు మెట్టు మీద పేరు లేని రైతు ఒకడు నిలబడి ఉన్నాడు.