ఇంటి పిల్లి వైద్యం – 3వ పాఠం: కడుపు చెడిన మొదటి రోజు

పోయిన రెండు పాఠాల్లో బాగున్న పిల్లిని చూడటం నేర్చుకున్నాం. తూకం వేయడం, నిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో లెక్కపెట్టడం (20 నుంచి 30 దాకా మామూలే), పెదవి ఎత్తి చిగుళ్ల రంగు చూడటం. ఆ లెక్కలు రాసుకున్న కాగితం దగ్గర పెట్టుకోండి. ఈ రోజు దానితోనే పని.

ముందు నేను చేసిన తప్పు చెప్పేస్తాను. కడపలో మా ఇంట్లో బెల్లం అని ఒక గండుపిల్లి ఉంది. రంగును బట్టి పెట్టిన పేరు. అప్పటికి ఐదున్నర కిలోలు, బాగా బలిసి ఉండేది. ఒక మే నెలలో, రాత్రి మిగిలిన సంగటి, కోడి పులుసు తిని పొద్దున్నే రెండుసార్లు కక్కింది. మధ్యాహ్నానికి నీళ్ల విరేచనాలు. మా అవ్వ చూసి, "లంఖణం పరమౌషధం అమ్మీ. రెండు రోజులు పస్తు పెట్టు, అదే సర్దుకుంటుంది" అంది. నాకూ సబబే అనిపించి గిన్నె తీసేశాను. వాంతులు ఆగాయి. మూడో రోజు గిన్నె పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంది. నాలుగో రోజూ అంతే. ఐదో రోజు చెవి తిప్పి చూస్తే లోపలి చర్మం పసుపు రాసినట్టు ఉంది.

కామెర్లు. "కక్కినందుకు రాలేదమ్మా, తిననందుకు వచ్చింది" అన్నారు డాక్టరు గారు. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి, దాని గుండా ఆహారం ఎక్కించి బతికించారు.

సామెత మనుషులకు పనికొస్తుందేమో గానీ, పిల్లికి పనికిరాదు. తిండి ఆగితే పిల్లి ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. అంత కొవ్వును దాని కాలేయం సంబాళించుకోలేదు. కొవ్వు అక్కడే పేరుకుని కాలేయం మొరాయిస్తుంది. దాంతో ఆకలి ఇంకా చస్తుంది. బలిసిన పిల్లికి ఈ ముప్పు మరీ ఎక్కువ. అందుకే బండల మీద పడింది తుడుస్తూ కూర్చోకుండా, గిన్నెలోంచి లోపలికి ఎంత పోతుందో చూడటం ఈ పాఠంలో అసలు విద్య.

కానీ తుడిచే ముందు ఒక్క నిమిషం ఆగి, పడినదాన్ని చదవండి. ఫోనులో ఫొటో తీయండి. పొట్ట ఎగరేసి, మెడ సాచి కక్కితే అది వాంతి. ఏ అవస్థా లేకుండా, తిన్న వెంటనే తిన్నది తిన్నట్టే గొట్టంలా బయటికి వస్తే తిండి కడుపు దాకా పోనే లేదన్నమాట. చాలాసార్లు అది ఆత్రంగా మింగిన ఫలితం. పసుపు నురగ అంటే ఖాళీ కడుపులో పైత్యం. వెంట్రుకల ఉండ ఒకటి పడి, పిల్లి వెంటనే గిన్నె వైపు నడిస్తే టెన్షన్ అక్కర్లేదు. సేమ్యాలాంటివి కనిపిస్తే ఏలిక పాములు. తోక కింద బియ్యపు గింజల్లాంటివి అంటుకుని ఉంటే బద్దె పురుగులు. విరేచనం కొద్దికొద్దిగా, జిగురుతో, మాటిమాటికీ అయితే తేడా పెద్దపేగులో ఉంది. ఒకేసారి చాలా, నీళ్లలా పోతే చిన్నపేగులో. తారులా నల్లగా ఉంటే పైనెక్కడో నెత్తురు కారి అరిగి వస్తోందని అర్థం. అప్పుడు ఈ పాఠం పక్కన పెట్టి ఆసుపత్రికి బయలుదేరండి.

మన ఇళ్లలో ఇంకోటి తప్పకుండా చూడాలి: పూల దారం. మల్లెలు, కనకాంబరాలు కట్టిన దండ వాడాక ఎక్కడో పడేస్తాం. పిల్లి దానితో ఆడుతూ ఆడుతూ మింగేస్తుంది. దాని నాలుక మీద ముళ్లు లోపలి వైపుకే వంగి ఉంటాయి కాబట్టి, ఉమ్ముదామన్నా దారం లోపలికే పోతుంది. ఒక కొస నాలుక మొదట్లో చుట్టుకుంటే, రెండో కొస పేగులోకి జారుతుంది. లంగా బొందు లాగితే గుడ్డ కుచ్చులు పడుతుంది చూడండి, పేగు అలా కుచ్చులు పడి దారానికి తెగిపోవచ్చు. కక్కుతున్న పిల్లి నోరు తెరిచి నాలుక కింద చూడండి. దారం కనిపించినా, వెనక నుంచి వేలాడుతున్నా లాగొద్దు, కత్తిరించొద్దు. ఉన్నది ఉన్నట్టే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

తర్వాత, ఒంట్లో నీరు ఎంత ఉందో చూడండి. కడపలో మే నెలంటే 40 డిగ్రీలు దాటే ఎండ. పిల్లి ఒక్క పూటలోనే డస్సిపోతుంది. చిగురు మీద వేలు పెట్టండి. తడిగా జారితే పరవాలేదు. వేలికి అంటుకుంటే నీరు తగ్గింది. చిగురు నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్ల లోపు మళ్లీ ఎర్రబడాలి. భుజాల మధ్య చర్మం పట్టి వదిలి చూడటం అందరికీ తెలుసు గానీ, ముసలి పిల్లుల్లో, బక్క పిల్లుల్లో ఆ పరీక్షను నేను నమ్మను. వాటి చర్మం ఎలాగూ వదులుగానే ఉంటుంది. నీళ్ల గిన్నె ఎప్పుడూ తీయొద్దు. మట్టి మూకుడులో పోసి నీడన పెట్టండి. గ్లూకోజు నీళ్లతో బుజ్జగించాలని చూడకండి. పిల్లి నాలుకకు తీపి తెలియదు.

ఇక తిండి. పెద్ద పిల్లి కక్కాక రెండు మూడు గంటలు గిన్నె తీయండి, అంతే. పిల్లకూనకైతే అంత కూడా వద్దు.

చికెన్ సెంటర్‌లో స్కిన్ తీసిన, ఎముక లేని మెత్తటి ముక్క పావు కిలో తీసుకోండి. ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి ఏమీ వేయకుండా, మునిగేటన్ని నీళ్లలో ఇరవై నిమిషాలు ఉడికించండి. పిల్లికి ఉల్లి, వెల్లుల్లి విషం. నెత్తుట్లోని ఎర్రకణాలను పగలగొడతాయి. బెల్లం తిన్న పులుసులో అవి రెండూ ఉన్నాయి. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. కూర చేసిన గరిటె కూడా కడిగాకే వాడండి. ఉడికాక ముక్కను చేత్తో నలిపి, పీచు పీచుగా విడదీయండి. ఉడికించిన నీళ్ల మీద తేలిన కొవ్వు తీసేసి, రెండు చెంచాలు ఆ పీచు మీద పోయండి. మణికట్టు మీద వేసుకుంటే గోరువెచ్చగా తగలాలి. ఫ్రిజ్‌లోంచి తీసింది చల్లగా పెడితే పిల్లి ముట్టదు. వాసన లేస్తేనే దానికి ఆకలి లేస్తుంది.

మొదట ఒక పెద్ద చెంచాడు పెట్టండి. కడుపులో నిలిస్తే మూడు గంటలకు మరో చెంచాడు. నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 కేలరీలు కావాలి, అంటే ఇలా ఉడికించిన మాంసం 120 గ్రాములు. మొదటి రోజు అందులో సగం పోయినా మంచిదే. ఇది మూడు నాలుగు రోజుల పత్యం మాత్రమే, పిల్లికి కావలసినవన్నీ ఇందులో ఉండవు. విరేచనం గట్టిపడ్డాక మామూలు తిండి కొంచెం కొంచెం కలుపుతూ వారంలో పాత దారికి తేండి. పాలు మాత్రం ఆ పాత దారిలో కూడా వద్దు. పిల్లి అంటే పాలు అని మనం అనుకుంటాం గానీ, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. సగం విరేచనాలకు మూలం ఆ గిన్నెడు పాలే అని నా అనుమానం.

మందుల షాపుకు పరుగెత్తకండి. ఒకసారి ఒక షాపులో "మనుషులదే, పావు ముక్క వేయండి" అన్నారు. పారాసిటమాల్ పిల్లిని చంపుతుంది. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ప్రాణం తీయడానికి ఒక మాత్రలో కొంత భాగం చాలు. విరేచనాలు ఆపే మాత్రలు కూడా సొంతంగా వేయొద్దు.

రోజులో మూడుసార్లకు మించి కక్కినా, నీళ్లు కూడా నిలవకపోయినా, నెత్తురు పడినా, 24 గంటలు ఏమీ తినకపోయినా, మూల నక్కి పిలిస్తే పలకకపోయినా ఇంటి వైద్యం ఆపేయండి. టీకా పడని పిల్లకూన కక్కితే గంటలు లెక్కపెడుతూ కూర్చోకుండా వెంటనే తీసుకెళ్లండి. ఊళ్లో పశువుల ఆసుపత్రి ఉంది, ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. గండుపిల్లి ఇసుక టబ్బులో కూర్చుని ముక్కుతుంటే మలబద్ధకం అనుకుని మోసపోకండి. మూత్రం ఆగిపోయి ఉండొచ్చు, అది ఆ రోజే చూపించాల్సిన జబ్బు. వెళ్లేటప్పుడు అప్పుడే పడిన విరేచనం మూత ఉన్న చిన్న డబ్బాలో, వాంతి ఫొటో ఫోనులో తీసుకెళ్లండి. "ఎలా ఉంది?" అని అడిగితే నోటితో చెప్పడం కన్నా అది నయం.

ఈ వారం సాధన బాగున్న పిల్లి మీదే చేయండి. సూది తీసేసిన 5 మి.లీ. సిరంజిలో నీళ్లు నింపండి. పిల్లిని పాత టవల్లో కాళ్లతో సహా చుట్టి ఒడిలో పెట్టుకోండి. తల పైకి ఎత్తకండి, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కోరపన్ను వెనక సందులోంచి, పక్క నుంచి అర మి.లీ. వదలండి. మింగేదాకా ఆగి, మళ్లీ అర. రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాలు చాలు. వచ్చే పాఠంలో పురుగుల మాత్ర వేయడానికి ఇదే పట్టు వాడతాం. టవల్ మందంగా ఉన్నదే తీసుకోండి. నేను మొదటిసారి పల్చటి తువ్వాలు చుట్టాను, బెల్లం దాన్నీ నా మోచేతినీ కలిపి గీరేసింది.