హోప్‌వెల్ రాళ్ల దగ్గరికి వెళ్లే ముందు

కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ వెళ్లి, ఫండీ అఖాతం ఒడ్డున సముద్రపు నీరు చెక్కిన ఎత్తైన రాతి స్తంభాలను, అంటే హోప్‌వెల్ రాళ్లను చూడాలనుకుంటే హోటలు గది కన్నా ముందు ఆటుపోట్ల పట్టిక చూసుకోండి. ఇక్కడ నీరు 14 మీటర్ల దాకా, అంటే నాలుగంతస్తుల ఎత్తుకు పెరుగుతుంది. మన విశాఖలో ఆ తేడా రెండు మీటర్లలోపే. అందుకే మనవాళ్లకు అలలంటే ఉన్న భయం పోటంటే ఉండదు.

నీరు పూర్తిగా తగ్గే సమయానికి మూడు గంటల ముందు నుంచి మూడు గంటల తర్వాత వరకు సాధారణంగా కింద, నీరు తీసిన సముద్రపు నేల మీద నడవవచ్చు. నన్నడిగితే ఆ చివరి గంటను లెక్కలోంచి తీసేయండి. పోటు మొదట నింపాదిగా మొదలై, మూడో గంట వచ్చేసరికి గంటకు మూడు మీటర్లకు పైగా పెరుగుతుంది. ఒడ్డంతా నిటారు గోడ. మెట్లో, వాలుదారో ఉన్నచోట తప్ప పైకి రాలేరు. మలుపులు దాటి దూరం వెళ్తే, మీ కాళ్లు తడవకముందే వెనుక దారి మునిగిపోవచ్చు. అమావాస్య, పౌర్ణమి రోజులకు దగ్గరలో ఇంకా జాగ్రత్త.

ఆటుపోట్ల వేళలు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి కనుక, నిన్న వెళ్లొచ్చినవారు చెప్పిన సమయం ఇవాళ పనికిరాదు. టొరంటో నుంచి కారులో వచ్చేవారు మరొకటి గుర్తుంచుకోవాలి: ఇక్కడి గడియారం గంట ముందుంటుంది. ఫోను తనంతట తానే సర్దుకుంటుంది, చేతి గడియారం సర్దుకోదు.

ఇక రాళ్ల సంగతి. గులకరాళ్లు, ఇసుక కలిసి గట్టిపడిన శిల ఇది. పగుళ్లలో చేరిన నీరు చలికి గడ్డకట్టి ఉబ్బితే ముక్కలు ఊడిపడతాయి. ఏనుగు రాయి అని పేరున్న దానిలో పెద్ద భాగం 2016 మార్చిలో కూలింది. తాడు కట్టిన చోటును దాటి ఫోటో దిగాలన్న సరదా మానుకోండి. గోడ నీడలో కూర్చుని పులిహోర పొట్లం విప్పడం కూడా.

చెప్పులు వద్దు. బురద వాటిని లాగేసుకుంటుంది, నాచు జారుతుంది. పాత బూట్లు వేసుకుని, మార్చుకోవడానికి ఇంకో జత కారులో ఉంచండి. అమ్మానాన్నలను తీసుకెళ్తే రాళ్ల దగ్గరి మెట్లు సుమారు వంద ఉంటాయని ముందే చెప్పండి. దిగడం తేలికే, ఎక్కడానికి తీరిక ఉండాలి. మోకాళ్ల నొప్పులుంటే పైనున్న వేదిక నుంచి చూడటమే మేలు.

వీలైతే రోజంతా కేటాయించండి. ఆటుకూ పోటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు పడుతుంది. మీరు నడిచిన చోటే పడవలు తిరగడం పైనుంచి చూడవచ్చు.